పీలిక కట్టిన గుమ్మడి

ఒకప్పుడు బూడిద గుమ్మడికి ఒంటి మీద బూడిద ఉండేది కాదు. నూగూ ఉండేది కాదు. పచ్చగా, నున్నగా, ఏటినీళ్ళలో తడిసిన గులకరాయిలా మెరిసేది.

ఇంకో సంగతి కూడా ఉంది. అది ఎవరికీ తెలీదు. గుమ్మడి ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు మరి. దాని తోలు మందం కాదు. ఉల్లిపొర కంటే కాస్త నయం, అంతే. గోరు తగిలితే గాటు పడేది. కాకి వాలితే కందిపోయేది.

కానీ చూడ్డానికి పెద్దకాయ. పెద్దకాయని చూస్తే ఎవరైనా ఏమంటారు? "దానికేం, గట్టిది" అంటారు. మొదట ఒకరు అన్నారు. తర్వాత అందరూ అన్నారు. గుమ్మడి ఊరుకుంది. ఊరుకున్నకొద్దీ ఆ మాట నిజమని అందరికీ స్థిరపడిపోయింది.

ఇదంతా చలికొండ మీద జరిగింది. అక్కడ శీతాకాలం వస్తే తెల్లవారేసరికి గడ్డి మీద మంచు గడ్డకట్టి, ఉప్పు చల్లినట్టు ఉంటుంది. దాన్ని తెల్లమంచు అంటారు. పొగమంచు వేరు. పొగమంచు మెత్తనిది, వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. తెల్లమంచు అలా కాదు. వాడు ముట్టుకున్న ఆకు మధ్యాహ్నానికల్లా నల్లగా మాడిపోతుంది. నిప్పు లేకుండా కాల్చే దొంగ వాడు.

ఆ కొండవాలులో దాలిమ్మకి చిన్న కూరగాయల మడి ఉండేది. పైన మిరప, మధ్యలో చిక్కుడూ వంగా. అన్నిటికీ కింద, మడి చివర పల్లంలో, గుమ్మడి తీగ.

వానలు వెనక్కి తగ్గాయి. ఎదురు కొండంతా వలిసె పూలు పూసి పసుపు రాసినట్టయింది. అంటే దాలిమ్మ నడుం విరిగే రోజులు వచ్చాయన్నమాట. చామదుంపలు తవ్వాలి. ఎండిన చిక్కుళ్ళు కొట్టి, చేటలో పోసి చెరగాలి. మొక్కజొన్న కంకులు చూరుకి వేలాడదీయాలి. గొడ్లు దూరకుండా దడి బిగించాలి. పొద్దున్న వంగిన మనిషి పొద్దుగుంకేదాకా లేచేది కాదు.

దాలిమ్మ అత్త సోములమ్మ. చూపు ఆనదు. నోరు మాత్రం చక్కగా ఆనుతుంది. గుమ్మంలో కూర్చుని మడంతా నోటితోనే సేద్యం చేసేది.

"కోడలా, విత్తనం కాయకి పీలిక కట్టావేటి?"

"కట్టానత్తా."

"దేనికి కట్టావు?"

"పల్లంలో ఉన్న పెద్దదానికి."

"మరి దాన్ని ముట్టుకోకు."

"ఎన్నిసార్లు చెప్తావత్తా?"

"నీకు విసుగొచ్చేదాకా."

"ఎప్పుడో వచ్చింది."

"అయితే ఇంకోసారి చెప్తా. ముట్టుకోకు."

ఆ కొండ మీద ఒక పద్ధతి ఉంది. తీగకి కాసినవాటిలో మేలైన కాయ ఒకటి విత్తనానికని వదిలేస్తారు. పాత చీర అంచు చింపి, దాని తొడిమకి పీలిక కడతారు. పీలిక కట్టాక ఆ కాయ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కదపకూడదు. గుడ్డ కూడా తగలకూడదు. తొడిమ తనంత తాను ఎండాకే పీలిక విప్పాలి. మిగతా కాయలన్నీ కూరకీ పులుసుకీ వెళ్ళిపోయాయి. ఇక మిగిలింది ఇదొక్కటే. దీని కడుపులో గింజలే వచ్చే ఏటి గుమ్మళ్ళు. ఆ గింజలు చచ్చాయా, చలికొండ మీద గుమ్మడి అన్న మాటే ఉండదు.

పద్ధతి మంచిదే. కాయని కాపాడ్డానికే పెట్టారు. అయితే ముట్టుకోకు, ముట్టుకోకు అని అనీ అనీ, ఆ కాయ వంక చూడ్డం కూడా మానేశారు. పక్క నుంచి వెళ్తూ కూడా తల తిప్పేవాళ్ళు కాదు.

గుమ్మడికి అక్కడే మంట.

ఒకరోజు సాయంత్రం సోములమ్మ గుమ్మంలో కూర్చుని గాలి ముక్కులోకి లాగింది.

"కోడలా, ఆకాశం కడిగినట్టుందా?"

"ఉందత్తా. మబ్బు తునక లేదు."

"గాలి?"

"లేదు. ఆకు కదలట్లేదు."

"అయితే తెల్లారేసరికి వాడొచ్చేస్తాడు, ముదనష్టపోడు. ఈ ఏడు ముందే దిగుతున్నాడు. లే, లే, పైరు కప్పు!"

"ఇప్పుడే దుంపలు తవ్వొచ్చాను. నడుం లేవట్లేదు."

"నీకేమే, గట్టి మనిషివి. లే."

దాలిమ్మ పళ్ళు కొరుక్కుని లేచింది. గడ్డిమోపు తెచ్చి చిక్కుడు పాదు మీద పరిచింది.

"ఇంకాస్త పరుచు" అంది చిక్కుడు. "కాళ్ళు బయటికున్నాయి."

"నీకు కాళ్ళెక్కడివే?"

"ఉంటే బయటే ఉండేవి కదా!"

వంగకి అడ్డాకులు కుట్టి టోపీలు పెట్టింది. "నాకు ఆకుపచ్చది కాదు, ఎండుటాకుది కావాలి" అని వంగ మూతి ముడిచింది. మిరపకి దగ్గర్లో నెగడు వేసింది. మిరప అప్పుడు కూడా, "పొగ కళ్ళలోకి కొడతావేం? నేను నీ కళ్ళలో కొట్టనా?" అని గయ్యిమంది.

గుమ్మడి ఇదంతా చూస్తోంది. తన వంతు వస్తుందని చూస్తోంది. దాలిమ్మ పల్లం వైపు రెండడుగులు వేసింది కూడా.

"అటెక్కడికి?" అని కేకేసింది సోములమ్మ. కళ్ళు కనపడని మనిషికి అడుగులు బాగా వినపడతాయి. "అది పీలిక కట్టిన కాయ."

"గడ్డి కప్పుదామని, అత్తా."

"గడ్డి కప్పితే చెయ్యి తగలదేటి? అయినా దానికేం, గట్టిది. తోలు చూడు, గొడ్డుతోలు."

"అవునవును" అంది వంగ టోపీ లోంచి.

"దానికెందుకు దుప్పటి? ఆ గడ్డి కూడా నాకే వెయ్యి" అంది చిక్కుడు.

దాలిమ్మ ఆ గడ్డి కూడా చిక్కుడుకే వేసి ఇంట్లోకి పోయింది.

గుమ్మడి నోటిదాకా వచ్చింది, నాకూ చలేస్తోందని. కానీ ఇన్నాళ్ళూ అనని మాట ఒక్కసారిగా ఎలా వస్తుంది? గొంతులోనే గిరగిరా తిరిగి, కడుపులోకి దిగి, గింజల మధ్య నిప్పులా కూర్చుంది.

తెల్లవారుజామున తెల్లమంచు కొండ దిగి వచ్చాడు. వాడూ కోపం మీదే ఉన్నాడు.

"ఏడాదికి ఒకసారి వస్తాను! చుట్టం వస్తే పీట వేస్తారు. నేనొస్తే దుప్పట్లు కప్పుకుంటారు. ఇదేంటి, పొగా? నా మొహాన పొగా?"

మిరప దగ్గర నెగడు ఎర్రగా ఉరిమి చూసింది. వాడు పక్కకి తప్పుకున్నాడు. చిక్కుడు మీద గడ్డి లాగి చూశాడు, ఊడలేదు. వంగ టోపీ తట్టి చూశాడు, లోపలి నుంచి "ఎవరూ లేరు!" అని వినిపించింది.

చలి నీళ్ళలాంటిది. పల్లానికే పారుతుంది. తెల్లమంచు కిందకి కిందకి జారి, గుమ్మడి పాదు దగ్గర ఆగాడు.

"ఓహో! ఇక్కడ ఒక పిచ్చిది ఒళ్ళంతా బయటపెట్టుకుని కూర్చుంది."

"పో అవతలికి" అంది గుమ్మడి. "నేను గట్టిదాన్ని. నీ పళ్ళు విరుగుతాయి."

వాడు పెద్ద పెద్ద ఆకుల మీద చేతులు ఆన్చాడు. ఒక్కొక్క ఆకూ తెల్లబడి, బిగుసుకుని, వాలిపోయింది. గుమ్మడి అరవలేదు. వాడు వంగి కాయని ఒక వేలితో నిమిరాడు. నిమిరి, ఆగి, పగలబడి నవ్వాడు.

"గట్టిదానివా? ఇది తోలా, ఉల్లిపొరా? ఎవరిని మోసం చేస్తున్నావే!"

చూశారా, ఎవరికీ చెప్పుకోని సంగతి మొట్టమొదట పగవాడికే తెలిసిపోయింది.

ఇంతలో తూర్పు కొండ అంచు ఎర్రబడింది. తెల్లమంచు గబగబా లేచాడు. "ఇవాళ ఆకులతో సరి. రేపొస్తాను. రేపు కాయ. లోపలి గింజలతో సహా." అంటూనే కరిగి మట్టిలోకి ఇంకిపోయాడు.

ఎండ ఎక్కాక దాలిమ్మ మడిలోకి వచ్చింది. చిక్కుడు మీద గడ్డి తీసింది. "నిద్రే పట్టలేదు, గడ్డి గుచ్చుకుంది" అంది చిక్కుడు. వంగ టోపీలు తీసింది. మిరపని పలకరించి తిట్లు తింది. అందరి దగ్గరా అయ్యాక పల్లంలోకి తొంగి చూసింది.

గుమ్మడి ఆకులన్నీ నల్లగా, ఉడికిపోయినట్టు, తీగకి వేలాడుతున్నాయి. మధ్యలో కాయ ఒక్కటే బోసిగా ఉంది.

"అయ్యో, ఆకులు పోయాయి" అంది దాలిమ్మ. "పోన్లే. కాయ బాగానే ఉంది. అది గట్టిది."

"ఎవరే గట్టిది?"

మడంతా ఉలిక్కిపడింది. ఆ గొంతు అంత పెద్దగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నిన్నే అడుగుతున్నాను, దాలిమ్మా! ఎవరే గట్టిది? నువ్వు పట్టుకు చూశావా? నీ అత్త పట్టుకు చూసిందా? టోపీ పెట్టుకుని కూర్చున్న ఆ వంగ చూసిందా? నా తోలు మందం కాదు! ఏనాడూ కాదు! గోరు తగిలితే గాటు పడుతుంది! నాకు చలేస్తుంది! మీ అందరికంటే ఎక్కువ చలేస్తుంది, పల్లంలో ఉన్నాను కనక! ఇవాళ ఆకులు తిన్నాడు వాడు, రేపొచ్చి నన్ను గింజలతో సహా తింటానని చెప్పి పోయాడు!"

చెబుతూ చెబుతూ ఉంటే గుమ్మడి ఒంటి మీద నున్నటి పచ్చదనం లోంచి చురుచురుమని నూగు లేచింది. కోపం వచ్చిన పిల్లి ఒంటి మీద వెంట్రుకల్లా, ఒక్కొక్కటీ సూదిలా నిలబడింది.

దాలిమ్మకీ ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు? చిక్కుడు అడిగింది, వేశాను. వంగ అడిగింది, వేశాను. నువ్వు అడిగావా?"

"అది కాళ్ళు లేకుండానే కాళ్ళకి దుప్పటి అడుగుతుంది! నేనూ దానిలా ఏడవాలా? మెడకి పీలిక కట్టావు. ఇది మాకు కావాల్సిన కాయ అని కొండంతా చెప్పుకున్నావు. కావాల్సినదాన్ని ఎవరైనా ఇలా వదిలేస్తారా? నా ఆకులు చూడు! నీ చిక్కుడుకి రెండు వరసల గడ్డి, నాకు ఒక పీలికా?"

"నాకు ఎన్ని పనులో నీకు తెలుసా? దుంపలు నేనే తవ్వాలి, దడి నేనే కట్టాలి. నా నడుం ఎవరు చూశారు?"

"మరి నువ్వు చెప్పావా?"

దాలిమ్మ చెయ్యి నడుం మీదకి పోయింది. రెండు రోజులుగా నడుం లేవట్లేదు. లేవట్లేదని అంటే "నీకేమే, గట్టి మనిషివి" అన్నారు. ఆ మాట విన్నాక మళ్ళీ అనలేదు. ఆవిడ గుమ్మడి వంక చూసింది. నిజంగా చూసింది, పీలిక కట్టాక మొదటిసారి.

"ఏటక్కడ గోల?" అని సోములమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"గుమ్మడికి చలేస్తోందటత్తా. తెల్లమంచు మళ్ళీ వస్తానన్నాడట. ఈసారి గింజలతో సహా తింటాడట."

సోములమ్మ మొహం పాలిపోయింది. "గింజలే? మరి కప్పెయ్యి!"

"ఎలా కప్పను? చెయ్యి తగలకూడదు, గుడ్డ తగలకూడదు, గడ్డి తగలకూడదంటావు."

"తగలకూడదు. మా అత్త చెప్పింది. మా అత్తకి వాళ్ళత్త చెప్పింది."

"వాళ్ళెవరికీ చలెయ్యలేదేమో" అంది గుమ్మడి.

"నువ్వు ఊరుకో. కాయవి కాయలా ఉండు."

"ఉన్నాను ఇన్నాళ్ళూ. అందుకే ఇలా అయ్యాను."

 సోములమ్మతో ఎదురు మాటాడి గెలిచినవాళ్ళు ఆ కొండ మీద లేరు. ఆ రోజు ఒక కాయ గెలిచింది.

అప్పుడు మిరప దగ్గర వేసిన నెగడు కళ్ళు నులుముకుంటూ లేచింది. రాత్రంతా మండి ముసలిదైపోయి ఉంది.

"ఎందుకరుస్తారు? నిద్రపోనివ్వరా? నా ఒంటి మీద బూడిద ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది. తీసుకెళ్ళి జల్లించండి. చెయ్యి తగలదు, గుడ్డా తగలదు."

సోములమ్మ ఆలోచించింది. "జల్లెడ తగిలితే?"

"పైన ఎత్తి పట్టుకుంటానత్తా. గాల్లోంచి రాలుతుంది. వాన పడదేటి దాని మీద? వాన పడితే ముట్టుకున్నట్టా?"

"వాన వేరు." సోములమ్మ కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టింది. "సరే. వాన అనుకుంటాను. కానీ నేను చూడలేదు."

"నీకు ఎలాగూ కనపడదు కదత్తా."

"అందుకే చెప్తున్నా."

ఆ సాయంత్రం దాలిమ్మ గంపనిండా బూడిద తెచ్చింది. జల్లెడలో పోసి, రెండు చేతులూ తల మీదకెత్తి, గుమ్మడి మీద మెల్లగా ఆడించింది. నడుం కలుక్కుమంది. "అబ్బా!" అని గట్టిగానే అంది. కొండంతా వినపడేలా అంది.

బూడిద పిండిలా రాలింది. నున్నటి కాయ అయితే జారిపోయేదే. కోపంతో లేచిన నూగు దాన్ని ఎక్కడికక్కడ పట్టేసుకుంది. పైనా, పక్కలా, తొడిమ చుట్టూ, ఒళ్ళంతా.

"తుత్! తుత్! దుప్పటి అడిగితే బూడిదా?" అని గుమ్మడి దగ్గింది. "చక్కని పచ్చకాయని. ముసలిదాన్ని చేసేశారు!"

"చిక్కుడు బతికే ఉంది, నువ్వూ బతికితే తర్వాత తిట్టుకో" అంది దాలిమ్మ.

"తిడతాను. తప్పకుండా తిడతాను." గొంతు తగ్గించి అంది, "వెచ్చగా ఉంది."

"ఏటన్నావు?"

"ఏమీ అనలేదు."

తెల్లవారుజామున తెల్లమంచు దిగాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. గడ్డి లాగలేదు, టోపీలు తట్టలేదు. చేతులు రుద్దుకుంటూ, పళ్ళు నూరుకుంటూ తిన్నగా పల్లంలోకి వచ్చాడు. వచ్చి, గుడ్లప్పగించి నిలబడ్డాడు.

కాయ తెల్లగా ఉంది. పైనుంచి కిందిదాకా, సన్నగా, పొడిపొడిగా, తెల్లగా.

"ఇదేంటి?" అన్నాడు. "ఇక్కడ నేను ముందే వచ్చి వెళ్ళానా?"

గుమ్మడికి భయం వేసింది. కానీ కోపం ఉన్నచోట భయం ఎంతసేపు నిలబడుతుంది?

"వచ్చావు కదరా" అంది. "వచ్చావు, తిన్నావు, వెళ్ళావు. అప్పుడే మరిచిపోయావా? ఇంత మతిమరుపువాడివి కొండ దిగడం దేనికి?"

"నిన్న నేను తిన్నది ఆకులే కదా?"

"మరి ఈ తెలుపు ఎవరిది? నువ్వు ముట్టుకుంటే కాక ఇంకెవరు ముట్టుకుంటే తెల్లబడతాం మేము?"

తెల్లమంచు తల గోక్కున్నాడు. వంగి చూశాడు. అచ్చం తన పనే. వాడు ముట్టుకున్న గడ్డీ, వాడు ముట్టుకున్న రాయీ ఇలాగే ఉంటాయి.

"తినేశాక మిగిలిన నీ ఎంగిలిని నేను" అంది గుమ్మడి. "కావాలంటే మళ్ళీ తిను. నీ ఎంగిలి నువ్వే తిన్నావని రేపు పొగమంచుతో చెప్తాను. ఎండతో చెప్తాను. కొండంతా చెప్పుకుంటారు."

"ఛీ!" అన్నాడు తెల్లమంచు. వాడికి తిండి మీద ఎంత ఆశో, పరువు మీద అంత ఆశ. "ఎవరనుకున్నావు నన్ను? ఎంగిలి తినేవాడినా?"

మొహం చిట్లించుకుని, పైకి చూడకుండా, గుమ్మడిని చుట్టి పక్కనుంచి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కోపం పట్టలేక దడి మీద ఎండుటాకుల్ని పటపటా కొరికి పారేశాడు.

ఆ శీతాకాలం అంతా వాడు వచ్చాడు, చూశాడు, "ఛీ" అన్నాడు, వెళ్ళాడు. అన్ని రోజులూ దాలిమ్మ కొత్త బూడిద జల్లించింది. అన్ని రోజులూ గుమ్మడి ఆవిణ్ణి తిట్టింది. ఒకరోజు దాలిమ్మ రావడం ఆలస్యమైతే, ఎందుకు రాలేదని తిట్టింది. ఆ తిట్లు విని సోములమ్మ కూడా దారికొచ్చింది. "కోడలా, గంప బరువుగా ఉంటే చెప్పు, నేనో చెయ్యి పడతాను" అంది ఒకరోజు. దాలిమ్మ వెంటనే గంప ఒక పక్క ఆవిడ చేతిలో పెట్టేసింది.

బూడిద ఒంటికి పట్టినకొద్దీ తోలు గట్టిపడింది. తోలు గట్టిపడినకొద్దీ నూగు ఒక్కొక్కటిగా రాలిపోయింది. తొడిమ ఎండింది. దాలిమ్మ పీలిక విప్పి, కాయని రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకుని కోసింది. లోపల గింజలు నిండుగా, తెల్లగా, ఒక్కటీ చావకుండా ఉన్నాయి.

తొలకరికి ఆ గింజలు నాటారు. ఈసారి పల్లంలో కాదు, పైన, నెగడు వేసే చోటికి దగ్గరగా. తీగలు పాకాయి, పూశాయి, కాశాయి. దాలిమ్మ జల్లెడ పట్టుకుని బూడిదతో వచ్చింది. వచ్చి చూస్తే ఏముంది? ముదిరిన కాయలు ఎవరూ చల్లకుండానే ఒంటినిండా బూడిద పూసుకుని కూర్చున్నాయి. ఇంకెవరికోసమూ ఎదురు చూడదలచుకోలేదు అవి.

అప్పటినుంచే బూడిద గుమ్మడికి ఒంటినిండా బూడిద. అప్పటినుంచే లేత కాయని పట్టుకుంటే నూగు చురుక్కున గుచ్చుకుని చెయ్యి దురద పెడుతుంది. అది ఆనాటి కోపం. బతిమాలినా పోదు, తడిపినా పోదు. తన బూడిద తనకి దక్కాకే ఆ నూగు రాలుతుంది.